అరవై దాటాక పల్లె క్రైస్తవ సంఘాల్లో గృహ దర్శనాలు: బయల్దేరే ముందు తెలుసుకోవాల్సినవి

మీ ప్రశ్న నాకు అర్థమైనట్టు ఒకసారి చెప్పి మొదలుపెడతాను, తర్వాత చదివేవాళ్లకీ పనికొస్తుంది. మీకు 64, మీ ఆవిడకి 61. టెక్సాస్‌లో ఉద్యోగాలు చేసి రిటైరయ్యారు, ఇద్దరికీ ఓసీఐ కార్డులు (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారత సంతతివాళ్లకి ఇచ్చేవి) ఉన్నాయి. ఆవిడ పుట్టిల్లు కనిగిరి వైపు. ఒక ఏడాది వచ్చి ఆ చుట్టుపక్కల పల్లెల్లో బాప్టిస్టు సంఘస్థుల ఇళ్లకి వెళ్లి, ప్రార్థన చేసి, వాళ్ల మంచీచెడ్డా తెలుసుకోవాలని ఉంది. రోజుకి ఎన్ని ఇళ్లు పెట్టుకోవాలి, ఏం మాట్లాడాలి, ఎంత డబ్బు దగ్గర ఉంచుకోవాలి, అసలు ఈ వయసులో మావల్ల అవుతుందా అని అడిగారు.

నేను హైస్కూల్ హెడ్మాస్టరుగా, మా ఆవిడ స్టాఫ్ నర్సుగా రిటైరయ్యాం. 2016 నుంచి, మధ్యలో కోవిడ్ కాలం తీసేస్తే, ప్రకాశం జిల్లాలో పద్నాలుగు పల్లెలు తిరిగాం. ఇప్పుడు నా మోకాళ్లు ఒప్పుకోక రెండు పల్లెలకే వెళ్తున్నాం. మేం పాస్టర్లం కాదు, ఎవరూ మమ్మల్ని పంపలేదు. కాబట్టి ఇది చూసి నేర్చుకున్నవాడి మాటగానే తీసుకోండి.

రోజుకి మూడు ఇళ్లు. అంతకు మించొద్దు.

ఇది మేం తప్పు చేసి నేర్చుకున్నాం. మొదటి రెండు నెలలు రోజుకి పది, పన్నెండు ఇళ్లు తిరిగేవాళ్లం. నాకు బడి అలవాటు పోలేదు, ఒక నోటు పుస్తకంలో కుటుంబాల పేర్లు రాసుకుని హాజరుపట్టీ లాగా టిక్కులు పెట్టేవాణ్ని. ఇంటికి పావుగంట: వందనాలు, ఒక వాక్యం, ప్రార్థన, లేవడం. ఒక పల్లెలో ఒక పెద్దావిడ ఇంటికి అలా వెళ్లొచ్చాం. నాలుగు నెలల తర్వాత మళ్లీ వెళ్తే ఆవిడ కుర్చీ వేసింది, కానీ ముఖం ఇవ్వలేదు. చివరికి అంది, "పోయినసారీ ఇట్టాగే వచ్చి ప్రార్థన పెట్టి పోయారు సారూ. నా కొడుకు పోయి అప్పటికి ఇరవై రోజులు. ఒక్క మాట అడగలేదు మీరు." కొడుకు ఫోటో, దండతో సహా, నేను కూర్చున్న కుర్చీ వెనక గోడకే ఉంది. నేను వీపు పెట్టి కూర్చుని, దీర్ఘాయుష్షు గురించి వాక్యం చదివి వచ్చానన్నమాట. ఆ రాత్రి మా ఆవిడ నాతో మాట్లాడలేదు. ఆవిడా అక్కడే ఉందిగా, ఆవిడకీ కనపడలేదు, ఆ కోపం కూడా ఉండి ఉంటుంది.

ఆ తర్వాత నోటు పుస్తకం పక్కన పడేశాం. అప్పటినుంచి పాటించిన పద్ధతి ఒకటే: ఒక ఇంటికి వెళ్తే మళ్లీ ఎప్పుడొస్తామో చెప్పి, చెప్పిన రోజున రావడం. పల్లెలో మొదటిసారి వెళ్లిన మనిషి చుట్టమే. ఇల్లు ఊడ్చి, కూల్‌డ్రింకు తెప్పించి, "దేవుని దయవల్ల అంతా బాగానే ఉన్నామండీ" అంటారు. రెండోసారి వెళ్తే కూల్‌డ్రింకు రాదు, టీ వస్తుంది. మూడోసారికి మీరు నులక మంచం మీద కూర్చుని ఉండగానే ఇంటావిడ చింతపండు గింజలు తీసుకుంటూ, మీ వైపు చూడకుండా, కోడలి సంగతో అప్పు సంగతో మొదలుపెడుతుంది. అసలు పని అక్కడ మొదలవుతుంది. ఏడాదిలో వంద ఇళ్లకి ఒక్కోసారి వెళ్లేకంటే, ఇరవై ఐదు ఇళ్లకి నాలుగైదు సార్లు వెళ్లండి. అమెరికా తిరిగి వెళ్లాక చెప్పుకోవడానికి లెక్క చిన్నదిగా కనపడుతుంది, ఫరవాలేదు.

దీన్నిబట్టే మీ రెండో ప్రశ్నకీ జవాబు వస్తుంది. యాకోబు పత్రికలో దిక్కులేని పిల్లల గురించి, విధవరాండ్ర గురించి చెప్పినచోట మన తెలుగు బైబిల్లో ఉన్న మాట "పరామర్శించుట". పరామర్శ అంటే ఏమిటో మనకి ఎవరూ నేర్పక్కర్లేదు. చావింటికి వెళ్లి ఎవరూ ప్రసంగం చేయరు. అరుగు మీద కూర్చుని ఎప్పుడు జరిగింది, ఎవరు దగ్గరున్నారు అని అడిగి, చెప్పింది విని వస్తారు. చావు లేని ఇంట్లో కూడా అలాగే కూర్చోండి. వాక్యం చివర్లో చాలు, అది కూడా చిన్నది. చదువురాని ముసలివాళ్లకి కూడా 23వ కీర్తన, 121వ కీర్తన నోటికి వస్తాయి, మీరు మొదటి మాట అందిస్తే మిగతాది వాళ్లే చెప్తారు. పాత కీర్తన ఒకటి ఎత్తుకోమని వాళ్లనే అడగండి. పాత క్రైస్తవ కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరి గారి పాటలు చరణాలతో సహా పాడే ముసలమ్మలు ఇంకా ఉన్నారు. మీరు పాడి వినిపించినదానికంటే వాళ్లు పాడింది మీరు విన్నదే వాళ్లకి ఎక్కువ గుర్తుంటుంది.

ఇప్పుడు కాగితాల సంగతి. మీరు అడగలేదు కానీ అన్నిటికంటే ముందు చూసుకోవాల్సింది ఇదే. ఓసీఐ ఉంది కదా, ఎక్కడికైనా వెళ్లొచ్చు అనుకుంటున్నారు. 2021 మార్చిలో కేంద్ర హోంశాఖ ఇచ్చిన నోటిఫికేషన్ ప్రకారం ఓసీఐ ఉన్నవాళ్లు మిషనరీ పని చేయాలంటే ప్రత్యేక అనుమతి తీసుకోవాలి. తబ్లీగ్ (ఇస్లాం మత ప్రచారం), జర్నలిజం, పర్వతారోహణ లాంటివీ అదే జాబితాలో ఉన్నాయి. బంధువుల ఇంటికెళ్లి ప్రార్థన చేసుకోవడం వేరు, ఏడాదిపాటు సంఘాలు తిరిగే కార్యక్రమం వేరు. మాదేం పెద్ద మిషనరీ పని అని మీకు అనిపించొచ్చు, ప్రశ్న వచ్చినప్పుడు ఆ నిర్ణయం మీ చేతిలో ఉండదు. అక్కడి భారత కాన్సులేట్‌లో గానీ ఇక్కడి విదేశీయుల నమోదు కార్యాలయం ఎఫ్‌ఆర్‌ఆర్‌ఓలో గానీ ముందే రాతపూర్వకంగా అడిగి, వాళ్లు చెప్పిన ప్రకారం చేయండి. అలాగే అక్కడి మీ చర్చివాళ్లు "పేదలకి ఇవ్వండి" అని డబ్బు పోగుచేసి మీ చేతికి ఇస్తే తీసుకోవద్దు. విదేశీ విరాళం తీసుకోవాలంటే విదేశీ విరాళాల నియంత్రణ చట్టం, అంటే ఎఫ్‌సీఆర్‌ఏ కింద రిజిస్ట్రేషన్ ఉండాలి. 2020 సవరణ తర్వాత, రిజిస్ట్రేషన్ ఉన్న సంస్థ కూడా ఆ డబ్బుని ఇంకో సంస్థకి బదిలీ చేయకూడదు. మంచి మనసుతో తెచ్చిన సూట్‌కేసు వల్ల ఇక్కడి పాస్టరు స్టేషన్ చుట్టూ తిరగాల్సి రావచ్చు.

డబ్బు గురించి ఇంకా చెప్తాను, ఎందుకంటే ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మా ఆవిడ ఒక ఇంట్లో పిల్ల ఫీజుకి రెండు వేలు ఇచ్చింది. నిజంగా అవసరం ఉన్న ఇల్లే. వారం తిరిగేసరికి పల్లె మొత్తానికి తెలిసింది, మొత్తం పది వేలని తెలిసింది. తర్వాత మేం వెళ్లిన ప్రతి ఇంట్లో మాట ఫీజు దగ్గరికే వచ్చి ఆగేది. డబ్బు తీసుకున్న కుటుంబం మాత్రం సిగ్గుపడి ఆదివారం గుడికి రావడం తగ్గించింది. అంటే ఇచ్చి ఒక కుటుంబాన్ని పోగొట్టుకున్నాం.

మన ప్రాంతంలో ఈ సమస్య కొత్తది కాదు. 1876–78 కరువులో ఒంగోలు అమెరికన్ బాప్టిస్టు మిషనరీ క్లౌ దొర బకింగ్‌హామ్ కాలవ పనిలో ఒక భాగం కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ పని జరిగినన్నాళ్లూ జనం బాప్తిస్మం అడుగుతున్నా ఇవ్వలేదు. కూటికోసం చేరారన్న మాట రాకూడదని ఆయన భయం. సహాయం పనులు ముగిశాకే, 1878 జులై 3న, ఒక్కరోజులో 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. అందరూ ఆ 2,222 గురించి చెప్పుకుంటారు, దానికి ముందు ఆపిపెట్టిన నెలల గురించి ఎవరూ చెప్పుకోరు. మీకు ఇవ్వాలని ఉంటే చట్టం ఒప్పుకునే దారిలో, మీ సొంత డబ్బు, ఎఫ్‌సీఆర్‌ఏ రిజిస్ట్రేషన్ ఉన్న సంఘం ద్వారా, రసీదుతో ఇవ్వండి. ఏ ఇంటికి వెళ్లాలో సంఘ పెద్దల్నే తేల్చమనండి. మీ చేతిమీదుగా ఏ ఇంట్లోనూ రూపాయి మారకూడదు.

ఇంకో వైపు నుంచి కూడా డబ్బు వస్తుంది. ఒకటో తారీఖున పింఛన్లు ఇస్తారు కదా, ముసలివాళ్లంతా ఇంట్లోనే దొరుకుతారని మేం మొదట్లో ఆ రోజే వెళ్లేవాళ్లం. అప్పట్లో వెయ్యి రూపాయలు, ఇప్పుడు నాలుగు వేలు. పింఛను చేతిలో పడిన గంటకి బైబిలు పట్టుకుని గుమ్మంలో నిలబడితే ఆ విధవరాలు ఏమనుకుంటుంది? చెంగు ముడి విప్పి యాభై తీసి "కానుక సారూ" అంది ఒకావిడ. వద్దంటే చిన్నబుచ్చుకుంటుంది, తీసుకుంటే మనకి అన్నం సయించదు. ఆ యాభై ఆవిడ పేరుమీదే ఆదివారం కానుకలో వేయించాం. అప్పటినుంచి ఒకటి నుంచి ఐదు వరకు ఏ ఇంటికీ వెళ్లలేదు.

నీళ్ల విషయంలో మాత్రం మీరు నాతో వాదిస్తారని తెలుసు. కనిగిరి వైపు ఫ్లోరైడ్ నీళ్లు, మీ పిల్లలు బాటిల్ లేకుండా కదలొద్దని చెప్పి పంపిస్తారు. బాటిల్ తెచ్చుకోండి, కానీ సంచిలో ఉంచండి. ఆ ఇళ్లలో ఇంకా బతికున్న పెద్దవాళ్లకి, తమ చేతి నీళ్లు ఎవరూ తాగని రోజులు గుర్తున్నాయి. మీరు సొంత సీసా మూత తిప్పగానే ఆ రోజులు వాళ్లకి గుర్తొస్తాయి. మీ ఆవిడ పుట్టింటిది కూడా అలాంటి పల్లే అయినా సరే, ఇప్పుడు మీరు అమెరికావాళ్లు. టీ అడగండి. మరిగిన నీళ్లే కాబట్టి కడుపు భయం తక్కువ, ఇల్లాలికీ సంతోషం. షుగరు ఉంటే ఆ మాట చెప్పండి, ఇప్పుడు షుగరు తెలియని పల్లె లేదు, "మాకూ ఉందమ్మా" అని అక్కడినుంచి అరగంట మాట నడుస్తుంది.

ఇది కూడా దాచకుండా చెప్పాలి: ఒకే ఊరికి మాదిగపల్లె, మాలపల్లె రెండూ ఉంటాయి. ఒంగోలు చుట్టూ బాప్టిస్టు సంఘాలు ఎక్కువగా మాదిగపల్లెల్లోనే మొదలయ్యాయి. మీరు కూర్చున్న ఐదు నిమిషాల్లో ఇంటిపేరు అడుగుతారు, మీరు ఎవరివైపువాళ్లో తేల్చుకుంటారు. మేం ఒక ఊళ్లో రెండో పల్లె నుంచి పిలుపు వస్తే "ఇంకోసారి చూద్దాం" అని ఊరుకున్నాం, నిజంగానే ఆ రోజు టైం లేదు. ఎవరూ నమ్మలేదు. తర్వాత రెండేళ్లు అక్కడ మాకు మర్యాద ఉంది గానీ మాట లేదు.

అదే వరసలో పేర్ల సంగతి. గుడిలో మేరీ, రేషన్ కార్డులో ఇంకో పేరు. సర్టిఫికెట్‌లో ఏముందో అడగొద్దు, రాయొద్దు. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం హిందువులు, 1956 నుంచి సిక్కులు, 1990 నుంచి బౌద్ధులు తప్ప మిగతావాళ్లు ఎస్సీ కిందకి రారు. క్రైస్తవులుగా మారినవాళ్లని మన దగ్గర బీసీ-సీలో పెట్టారు, దానికి ఒక్క శాతం రిజర్వేషన్. ఆ ఇంట్లో డిగ్రీ చదివే పిల్లాడి ఉద్యోగం ఈ ఒక్క కాగితం మీద ఉంటుంది. ఆ చట్టం న్యాయమా కాదా అన్నదానిమీద నాకు గట్టి అభిప్రాయమే ఉంది, అది ఇంకోసారి. మీరు మాత్రం ఇళ్లలో ఫోటోలు తీసి, పేర్లతో ఫేస్‌బుక్‌లో, చర్చి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టకండి. ప్రార్థన చేస్తున్న ఫోటో అసలే వద్దు. విదేశాల నుంచి వచ్చినవాళ్లు తెలియక చేసే హాని అన్నిటిలో ఇదే పెద్దది.

పాస్టరు గారితో ఎలా ఉండాలో మీ ప్రశ్నలో లేదు, అయినా చెప్తాను. ఒక్కో పాస్టరుకి నాలుగైదు పల్లెలు ఉంటాయి, జీతం అంతంతమాత్రం, బండికి పెట్రోలు సొంతం. మీరు తీరికగా వెళ్లి గంటలు గంటలు కూర్చుంటే జనం "మా అయ్యగారు ఇట్టా రాడు" అని మొదలుపెడతారు. ఆ మాట మొదటిసారి వినపడగానే ఆపేయండి. ప్రతి పల్లెకీ మొదటిసారి పాస్టరమ్మ గారిని తీసుకెళ్లండి. పాస్టరు గారికంటే ఏ ఇంట్లో ఏముందో ఆవిడకే ఎక్కువ తెలుసు. బాప్తిస్మం, పెళ్లి, ప్రభు సంస్కారం, తగాదా తీర్పు, ఏదీ మీది కాదు. సంఘ ఆస్తుల కేసుల గురించి ఎవరైనా కాగితాలు తెచ్చి చూపిస్తే కళ్లజోడు మర్చిపోయానని చెప్పండి. నేను అలా చాలాసార్లు మర్చిపోయాను.

సంఘ రిజిస్టరులో పేరుండి ఇప్పుడు వేరే ప్రార్థన మందిరానికి వెళ్తున్నవాళ్ల ఇళ్లకి వెళ్లాలా అని సందేహం వస్తుంది. వెళ్లండి. ఎందుకు మానేశారని అడగొద్దు.

ఎప్పుడు రావాలి? డిసెంబరులో మాత్రం దిగకండి. క్రిస్మస్‌కి అమెరికా నుంచి వచ్చారంటే చీరలు పంచడానికే అనుకుంటారు, ఏడాదంతా ఆ పేరే ఉంటుంది. జనవరి నుంచి మార్చి వరకు పొగాకు రెలుపు (ఆకు కోత), ఆకు ఎండబెట్టే బ్యారన్ల పని. అదే రోజుల్లో చాలా కుటుంబాలు పిల్లల్ని కూడా తీసుకుని గుంటూరు, పల్నాడు వైపు మిరప కోతలకి వెళ్లిపోతాయి, ఇళ్లకి తాళాలుంటాయి. కుర్రవాళ్లు బేల్దారి పనికి హైదరాబాద్, బెంగళూరులో ఉంటారు. ఎండాకాలం పొద్దున్నే ఉపాధి పనులు. జూన్, జులైలో రండి, మనుషులు దొరుకుతారు. రోజులో అయితే మధ్యాహ్నం మూడింటికి ముసలివాళ్లు, సాయంత్రం ఆరున్నర తర్వాత కుటుంబాలు. రాత్రి ఎనిమిది దాటితే లేచి వచ్చేయండి, పొద్దుటినుంచి ఎండలో పనిచేసినవాళ్లు మొహమాటానికి మేలుకుని కూర్చుంటారు.

ముసలివాళ్ల ఇంట్లో ఒక చిన్న పని బాగా ఉపయోగపడింది: దూరంగా ఉన్న కొడుక్కో కూతురికో వీడియో కాల్ కలిపివ్వడం. పది నిమిషాలు మేం బయటికి వెళ్లి నిలబడేవాళ్లం.

మీ ఆవిడ ఫార్మసిస్టుగా చేశారన్నారు కాబట్టి ఒక హెచ్చరిక. మా ఆవిడ మొదట్లో బీపీ మిషను తీసుకెళ్లేది. రెండు నెలల్లో మమ్మల్ని చూడగానే "బీపీవాళ్లు వచ్చారు" అని వీధి చివరిదాకా కేక వెళ్లేది. క్యూ, గోల, ఒక్కరితో కూడా తీరిగ్గా మాట లేదు. తర్వాత నెలకి ఒక శనివారం గుడి వరండాలో, ఆశా కార్యకర్తకి చెప్పి, అందరికీ ఒకేసారి చూడటం పెట్టుకుంది. ఇళ్లకి మిషను తీసుకెళ్లడం మానేసింది. అమెరికా మాత్రలు మాత్రం ఒక్కటి కూడా ఎవరికీ ఇవ్వొద్దు.

ఇక వయసు. గుంటూరుకి 1842లో వచ్చిన లూథరన్ మిషనరీ ఫాదర్ హయ్యరు, 1869లో 76 ఏళ్ల వయసులో, రాజమండ్రి మిషన్ చేయి జారిపోకుండా నిలబెట్టడానికి మళ్లీ సముద్రం దాటి వచ్చాడు. మీకు 64. దంపతులుగా తిరగడం కూడా మన దగ్గర పాత సంగతే. క్లౌ దొర 1866లో ఒంగోలు వచ్చిన తొలిరోజుల్లోనే తాళ్లకొండపాడు ఎర్రగుంట్ల పేరయ్య, ఆయన భార్య నాగమ్మ కలిసి పల్లెలు తిరిగారు. నాగమ్మ లేకపోతే ఆడవాళ్లు ఉన్న వసారాలోకి ఆ మాట వెళ్లేది కాదు. ఇప్పటికీ అంతే. నేను ముందు గదిలో మగవాళ్లతో వానల గురించి మాట్లాడుతుంటే మా ఆవిడ పొయ్యి దగ్గర అసలు సంగతి వినేది.

లేటర్-డే సెయింట్స్ (మార్మన్) సంఘంలో పెద్ద వయసు దంపతుల్ని సొంత ఖర్చుమీద ఆరు నెలల నుంచి 23 నెలల వరకు ఇలా పంపే పద్ధతి ఉంది. 1978లో సమోవా నుంచి హైదరాబాద్‌కి తమ బంధువుల కోసం వచ్చిన ధర్మరాజు దంపతులతోనే ఆ సంఘం ఇక్కడ వేళ్లూనిందని చెప్తారు. వాళ్ల సిద్ధాంతాలతో మనకి పేచీలుంటాయి, అది పక్కన పెట్టండి. వెళ్లే తేదీ, తిరిగొచ్చే తేదీ, ఎవరికి జవాబు చెప్పాలో ముందే ఉండటం బాగుంది. మన సంఘాల్లో అలాంటి ఏర్పాటు లేదు కాబట్టి మీరే మీ ఫీల్డు (ఆ ప్రాంతపు సంఘాలన్నీ కలిసిన విభాగం) పెద్దలతో మాట్లాడి ఒక ఉత్తరం రాయించుకోండి. అందులో చివరి తేదీ తప్పకుండా ఉండాలి.

నివాసం పల్లెలో కాకుండా కనిగిరి టౌన్లో అద్దెకి తీసుకోండి. ఆసుపత్రి దగ్గర, పైగా ఒక పల్లెకి చెందినవాళ్లు అనిపించుకోరు. కారు వద్దు. పల్లెవెలుగు బస్సు, అక్కడినుంచి షేర్ ఆటో. ఆంధ్రా ఆధార్ ఉన్న మా ఆవిడకి 2025 ఆగస్టు నుంచి బస్సు టికెట్‌కి డబ్బులు లేవు, నాకు అరవై దాటినందుకు 25 శాతం తగ్గింపు. ఆవిడ ప్రతిసారీ "నా టికెట్ ఎంత?" అని నన్ను ఏడిపిస్తుంది. వారానికి నాలుగు రోజులే తిరగండి, ఒక రోజు పూర్తిగా పడుకోండి.

చివరగా, మీ ఆవిడ పుట్టింటి పల్లెని మొదట పెట్టుకోకండి, మూడో నెల తర్వాత వెళ్లండి. అక్కడ ఆవిడ సంఘస్థురాలు కాదు, ఆడపడుచు. పొలం గట్టు తగాదా, అన్నదమ్ముల వాటాలు, పాతికేళ్ల కిందటి పెళ్లి మాటలు అన్నీ ఆవిడ కోసం ఎదురుచూస్తూ ఉంటాయి. వేరే పల్లెల్లో మూడు నెలలు వినడం అలవాటైతే, అక్కడ కూర్చోవడానికి కొంచెం ఓపిక వస్తుంది.